సైకిలుకు ఇంజను - ముందుగా బ్రేకు

(వీరపునాయునిపల్లెలో జరిగిన విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన కార్యదర్శిగారు నన్ను ఒక పావుగంట మాట్లాడమన్నారు. కరువు భత్యం గురించి, ఆరోగ్య కార్డుల గురించి నాకంటే బాగా తెలిసినవారు ఇప్పటికే మాట్లాడారు. నాకిచ్చిన అంశం చిన్నది. మోటారు సైకిలు గురించి కాదు, సైకిలుకు మోటారు గురించి. మన ఊళ్లో కొందరు మిత్రులు నన్ను చూసినప్పుడల్లా "ఆ ఇంజను సైకిలు మాకూ ఒకటి చేసిపెట్టరాదా?" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పడం కంటే అందరికీ ఒకేసారి చెప్పడం మంచిదనుకొని ఒప్పుకొన్నాను.

నేను ఇంజనీరును కాను. 1973లో ఎల్.డి.సి.గా చేరి, 2008లో సీనియర్ అసిస్టెంటుగా రిటైరైన గుమాస్తాను. ఫైలుకు దారం కట్టడం, నోటు రాయడం, క్యాష్ బుక్కులో పైసా తేడా వస్తే రాత్రి పొద్దుపోయేదాకా వెతకడం నా విద్య. అయితే సైకిలుతో నాకున్న పరిచయం చిన్నది కాదు. చేరిన రెండో ఏడు సర్కారువారిచ్చిన సైకిల్ అడ్వాన్సుతో కొన్నాను. ఆ వాయిదాలు నెలనెలా జీతం బిల్లులో కోతపడేవి. 1985లో మండలాలు ఏర్పడినప్పుడు రికార్డుల మూటలు క్యారియరు మీద కట్టుకొని ఊరూరా తిరిగినవారు ఈ సభలో ఇంకా ఉన్నారు. ఆ రోజుల్లో మన తొడలే మన ఇంజన్లు.

ఇప్పుడు ఆ ఇంజను అరిగిపోయింది. అసలు సంగతి అక్కడే మొదలైంది. మాకు ఊరికి మూడు కిలోమీటర్ల దూరంలో కొద్దిపాటి చీనీ తోట ఉంది. రోజూ ఒకసారి పోయి బోరు ఎంత పోస్తున్నది, డ్రిప్పు పైపులు ఎక్కడ ఎలుకలు కొరికినవి, ఏ చెట్టు ఆకు పండుబారింది అని చూసుకోకపోతే తోట నిలవదు. డెబ్బై దాటినాక మోకాళ్లు సహకరించలేదు. పోయేటప్పుడు మిట్ట ఎక్కాలి. డాక్టరుగారు "నడవండి, సైకిలు తొక్కండి, కానీ మిట్టల్లో బలవంతంగా తొక్కవద్దు" అన్నారు. బెంగుళూరులో ఉన్న మా వాడు ఫోనులో "నాయనా, నీకు చేతగాదు, తోట గుత్తకిచ్చేయి" అన్నాడు. వాడు ప్రేమతోనే అన్నాడు. కానీ తోట గుత్తకిస్తే పోయేది తోట ఒక్కటే కాదు. పొద్దున లేచి పోవడానికి ఒక చోటు, చేయడానికి ఒక పని పోతాయి. రిటైరైనవారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

రోజూ ఎవరినో బతిమాలి బండి మీద పోవడం నాకు నచ్చలేదు. ఈ వయసులో గేరు బండి కొత్తగా నేర్చుకొనే ధైర్యమూ లేదు. తొక్కడం వచ్చు, మిట్ట దగ్గర కాస్త సాయం కావాలి. అంతే. మా కొట్టంలో మందు కొట్టే పాత తైవాన్ పంపు ఒకటి పడి ఉంది. పంపు భాగం పాడైంది, ఇంజను మాత్రం తాడు లాగితే లేస్తున్నది. దాన్ని చూశాకే ఈ ఆలోచన వచ్చింది.

ఇది నేను కనిపెట్టిన వింత కాదని ముందే చెప్పాలి. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక, 1946లో జపానులో సోయిచిరో హోండా అనే ఆయన చేసింది ఇదే పని. ఊరంతా పెట్రోలు కరువు, రైళ్లు కిక్కిరిసి ఉండేవి. సైన్యంవారి వైర్‌లెస్ పరికరాలకు కరెంటు ఇచ్చే చిన్న జనరేటర్ ఇంజన్లు మిగిలిపోతే, వాటిని తెచ్చి సైకిళ్లకు బిగించాడు. చలికాలంలో పక్కలో పెట్టుకొనే వేడినీళ్ల డబ్బాను మొదటి పెట్రోలు ట్యాంకుగా వాడాడు. ఆ సైకిలును తొక్కి చూసినవారిలో ఆయన భార్య ఒకరు. ఆ పాత ఇంజన్లు అయిపోయాక 1947లో తానే ఇంజను తయారు చేశాడు. నేడు మన రోడ్ల మీద ఆ పేరుతో తిరిగే బళ్లన్నింటికీ మూలం ఆ సైకిలే. అదే 1946లో ఫ్రాన్సులో వెలోసోలెక్స్ అనే బండి అమ్మకానికి వచ్చింది. దానికి ఇంజను ముందు చక్రం పైన ఉండేది. చిన్న రోలరు టైరును ఒరుసుకొని తిప్పేది. ఇటలీలో సైకిలుకు బిగించుకొనే చిన్న ఇంజనుకు 'కుక్కపిల్ల' అని అర్థం వచ్చే పేరే పెట్టారు. దాన్ని తర్వాత డుకాటీవారు తయారు చేశారు.

మన దేశం మాటకొస్తే సువేగా మీకు గుర్తుండే ఉంటుంది. పెడళ్లున్న ఆ మోపెడ్ ఫ్రాన్సువారి నమూనాతో మన తిరుపతిలోనే తయారయ్యేది. 1972లో పూనాలో కైనెటిక్ వారి లూనా వచ్చింది. 1980లో హోసూరు నుంచి టి.వి.ఎస్. 50 వచ్చింది. మన సీమలో పాలు, కూరగాయలు, గడ్డిమోపులు, ఇంటిల్లిపాదీ ఆ బళ్ల మీద మోసుకొచ్చినవారే. వీటన్నింటిలో ఒక పోలిక ఉంది. పెట్రోలు అయిపోయినా, ఇంజను మొరాయించినా పెడలు తొక్కి ఇంటికి చేరవచ్చు. మనిషి కాలూ ఇంజనూ కలిసి చేసే పని అది. నాకు కావలసిందీ అదే.

ఇక ఎలా చేశానో చెబుతాను. గుమాస్తాను కాబట్టి ముందు ఒక నోటుబుక్కు తెరిచి ఖర్చు రాశాను. ఎర్రగుంట్లలో వెల్డింగుకు 600 రూపాయలు, లేతు మీద రోలరు తీయించడానికి 400, కొత్త వైరు బ్రేకులకు 350, వెనుక చక్రం కమ్మీలు బిగించి తొట్లు తీయించడానికి 150, కొత్త టైరు, ట్యూబుకు 550, బోల్టులు, వాషర్లు, యాక్సిలరేటరు వైరు వగైరాలకు 250. మొత్తం 2,300 రూపాయలు. ఇంజను మాదే కాబట్టి దాని ఖర్చు లేదు.

ఇంజను క్యారియరు స్థానంలో ఒక ఇనుప పలక మీద కూర్చుంది. దాని ఇరుసుకు రోలరు. ఆ రోలరు వెనుక టైరును నొక్కితే చక్రం తిరుగుతుంది. రోలరు ఎంత లావుండాలి అన్నదే మొదటి లెక్క. మూడు సెంటీమీటర్ల రోలరు ఒక చుట్టు తిరిగితే టైరు సుమారు 9.4 సెంటీమీటర్లు జరుగుతుంది. ఇంజను నిమిషానికి 5,000 చుట్లు తిరిగితే గంటకు 28 కిలోమీటర్ల వేగం. రెండున్నర సెంటీమీటర్ల రోలరైతే అదే ఇంజనుకు దాదాపు 24 కిలోమీటర్లు. నేను రెండున్నరదే తీయించాను. రోలరు సన్నబడితే వేగం తగ్గుతుంది, మిట్ట ఎక్కే బలం పెరుగుతుంది. లేతు పనివాడు "సారూ, లావుది పెడితే బండి ఎగురుతుంది" అన్నాడు. ఎగరాల్సిన వయసు కాదన్నాను. ఈ ఇంజను ఇంకా వేగంగా తిరగగలదు కాబట్టి యాక్సిలరేటరు వైరు ఒక హద్దు దాటి లాగబడకుండా ఒక స్క్రూ అడ్డం పెట్టాను.

రోలరు ఎప్పుడూ టైరుకు అంటి ఉండదు. సీటు పక్కన ఒక లివరు ఉంది. దాన్ని పైకి లాగితే ఇంజను పలకతో సహా లేచి, సైకిలు మామూలు సైకిలవుతుంది. ముందు తాడు లాగి ఇంజను లేపాలి. తర్వాత తొక్కుతూ మనిషి నడిచే వేగం రెండింతలయ్యాక లివరు దించాలి. నిలబడి ఉన్నప్పుడు దించితే టైరు ఒకచోటే గీరుకుపోతుంది, బండి ముందుకు గుంజుతుంది. పెట్రోలులో లీటరుకు 40 మిల్లీలీటర్ల చొప్పున టూ-స్ట్రోక్ ఆయిలు కలపాలి. ఆయిలు తక్కువైతే ఇంజను పట్టేస్తుంది, ఎక్కువైతే పొగ. ఇంజను వణుకుకు నట్లన్నీ వదులవుతాయి. స్ప్రింగు వాషరు వేసి, ప్రతి నట్టు మీద సుద్దగీత గీశాను. గీత పక్కకు జరిగితే నట్టు తిరిగిందని అర్థం. ఆఫీసులో తాళం మీద సీలు వేసే పద్ధతే ఇది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. ఇంజను బిగించడానికి నాకు మూడు వారాలు పట్టింది. బ్రేకుల పని రెండు నెలలు పట్టింది.

మన పాత సైకిలుకు రాడ్ బ్రేకులుంటాయి. రబ్బరు ముక్కలు రిమ్ముకు లోపలి వైపున ఒరుసుకొంటాయి. తొక్కే మనిషి వేగానికి అవి చాలు. తోట లోపలి బాటలో నేను టేపుతో కొలతలు తీసుకొన్నాను. వంద మీటర్ల దూరానికి రెండు రాళ్లు పాతి, మా మనవడు గడియారం పట్టుకొన్నాడు. వంద మీటర్లు 30 సెకన్లలో పోతే గంటకు 12 కిలోమీటర్లు, 15 సెకన్లలో పోతే 24. పన్నెండులో బ్రేకు వేస్తే రెండున్నర మీటర్లలో ఆగింది. ఇరవై నాలుగులో వేస్తే పది మీటర్లు దాటింది. వేగం రెట్టింపైతే ఆగే దూరం రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. ఇది ప్రకృతి ధర్మం, ఏ మెకానిక్కూ మార్చలేడు. దీనికి తోడు మనం బ్రేకు పట్టాలని అనుకొన్నాక చెయ్యి కదలడానికి కొంత వ్యవధి పడుతుంది. ఇరవై ఏళ్లవానికీ మనకూ ఆ వ్యవధిలో తేడా ఉంది. ఆ ఒక్క సెకనులో సైకిలు ఆరున్నర మీటర్లు పోయి ఉంటుంది. ఇక వాన పడి రిమ్ము తడిస్తే రబ్బరు సరిగా పట్టదు.

అందుకని రాడ్ బ్రేకులు అలాగే ఉంచి, రెండు చక్రాలకూ అదనంగా వైరు బ్రేకులు పెట్టించాను. ఒకటి తెగితే ఇంకొకటి ఉంటుంది. వెనుక చక్రం కమ్మీలు నలభై, ముందు చక్రం కమ్మీలు ముప్పై రెండు, ఒక్కొక్కటి మీటి చూసి బిగించాను. ఇంజను ఆపే స్విచ్చు కుడి బొటనవేలి కింద పెట్టాను. కంగారులో మనిషి వెతుక్కోకూడదు. ఇవన్నీ అయ్యాక కూడా కొలత తీస్తే ఇరవై నాలుగులో ఆగే దూరం ఏడు మీటర్లకు తగ్గింది గానీ అంతకంటే తగ్గలేదు. అప్పుడు హద్దు స్క్రూ ఇంకొంచెం బిగించి, వేగాన్ని 18కి దించాను. నా ఇంజను సైకిలు పెద్ద వేగం 18 కిలోమీటర్లు. నవ్వేవారు నవ్వవచ్చు. మిట్ట మాత్రం మోకాలు నొప్పి లేకుండా ఎక్కింది.

మూడు నెలలు తోట కంచె లోపలే నడిపాను. రోడ్డెక్కించేముందు రూలు చూడాలనుకొన్నాను. ముప్పై అయిదేళ్లు రూలు చూడకుండా నోటు పెట్టని అలవాటు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 1989 జూలై 1 నుంచి అమలులోకి వచ్చింది. అందులో రెండో సెక్షను, ఇరవై ఎనిమిదో క్లాజు 'మోటారు వాహనం' అంటే ఏమిటో చెబుతుంది. నాలుగు చక్రాల కంటే తక్కువ ఉండి, ఇంజను 25 సి.సి.లకు మించని వాహనం ఆ నిర్వచనంలోకి రాదు. చదవగానే సంతోషించాను. వెంటనే కళ్లద్దాలు తుడుచుకొని ఇంజను మీది రేకు చూశాను. 25.6 సి.సి. అని ఉంది.

మా మనవడు పక్కనే ఉన్నాడు. "ఆ సున్నా పాయింటు ఆరు ఎవురు కొలుస్తారు జేజినాయనా?" అన్నాడు. వాని ప్రశ్న చిన్నది కాదు. ఈ రోజు మన పల్లెల్లో ఎంతోమంది పిల్లలు ఇలాంటి ఇంజన్లు సైకిళ్లకు బిగించి, ఫోనుల్లో వీడియోలు తీసుకొంటున్నారు. అందులో కొందరివి 40, 50 సి.సి.లు కూడా. ఎవరూ కొలవడం లేదు కదా అనుకొంటున్నారు.

వానికి నేను చెప్పిన జవాబు ఇది. "కొలిచేది రోడ్డు మీద పోలీసు కాదురా. ప్రమాదం జరిగిన తర్వాత కోర్టులో వకీలు కొలుస్తాడు." 25 దాటితే అది మోటారు వాహనమే. మోటారు వాహనానికి రిజిస్ట్రేషను ఉండాలి, నడిపేవానికి లైసెన్సు ఉండాలి, మూడో వ్యక్తికి నష్టం జరిగితే చెల్లించే ఇన్సూరెన్సు ఉండాలి. ఇంట్లో చేసిన దానికి రిజిస్ట్రేషను రాదు. రిజిస్ట్రేషను లేనిదానికి ఇన్సూరెన్సు ఎవరు చేస్తారు? రేపు ఒక ముసలమ్మకో, బడిపిల్లకో తగిలితే వారి వైద్యానికి డబ్బెక్కడిది? ఏ తోటను కాపాడుకోవడానికి ఈ బండి చేశానో ఆ తోటే అమ్మి కట్టాలి. నేను పోతే మీ జేజికి మిగిలేది ఫ్యామిలీ పెన్షను ఒక్కటే. సున్నా పాయింటు ఆరు సి.సి. మీద అంత పందెం కాయగలమా? వాడు మాట్లాడలేదు. కాసేపటికి "అయితే ఏం చేద్దాం?" అన్నాడు. అదే సరైన ప్రశ్న.

మా ఇంటి నుంచి తోటకు సగం దారి తారురోడ్డు. ఎర్రగుంట్ల వైపు సిమెంటు లారీలు, నాపరాళ్ల లారీలు పోతుంటాయి. ఆ దారికి రూలు ఒప్పుకొనే బండి కావాలి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలో బ్యాటరీ వాహనాలకు ఒక మినహాయింపు ఉంది. మోటారు శక్తి 250 వాట్ల లోపు, పెద్ద వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు, బ్యాటరీ కాకుండా బండి బరువు 60 కిలోలకు మించకుండా ఉండి, తగిన బ్రేకులు, ముందు తెల్లటి, వెనుక ఎర్రటి రిఫ్లెక్టర్లు ఉంటే దాన్ని మోటారు వాహనంగా లెక్కించరు. అయితే ఒక షరతు చాలామంది చదవరు. ఈ సంగతులన్నీ గుర్తింపు పొందిన పరీక్షా సంస్థ సరిచూసి ధ్రువీకరించి ఉండాలి. పూనాలోని ఆటోమోటివ్ రీసెర్చ్ అసోసియేషన్ అలాంటి సంస్థల్లో ఒకటి. మనం ఇంట్లో మోటారు కిట్టు తెచ్చి బిగించుకొంటే ఆ కాగితం మన దగ్గర ఉండదు.

కాబట్టి రోడ్డు కోసం ధ్రువీకరణ ఉన్న బ్యాటరీ సైకిలు ఒకటి కొన్నాను. అంగడిలో రంగు చూడకముందు కాగితం చూపించమన్నాను. రెండు అంగళ్లవారు చూపలేదు, మూడో అంగడివారు చూపారు, అక్కడ కొన్నాను. తొక్కుతుంటే మోటారు సాయం చేస్తుంది, తొక్కడం ఆపితే అదీ ఆగుతుంది. బ్రేకు పట్టగానే మోటారుకు కరెంటు తెగుతుంది. నేను బొటనవేలి కింద పెట్టుకొన్న స్విచ్చు పనే అది. నా బ్యాటరీ 36 వోల్టులు, 10 ఆంపియర్ అవర్లు. ఒకసారి పూర్తిగా నింపడానికి అరయూనిట్టు కరెంటు కూడా పట్టదు. మన కడప ఎండలకు దాన్ని ఎండలో పెట్టి ఛార్జి చేయకూడదు. తోట నుంచి రాగానే వేడి మీద కాకుండా, ఒక గంట నీడలో చల్లారనిచ్చి పెట్టాలి. రాత్రి అందరూ నిద్రపోయాక ఛార్జి పెట్టి వదిలేయకూడదు. చట్టం అడగకపోయినా నేను హెల్మెట్టు పెట్టుకొంటాను. తలకాయకు మినహాయింపు లేదు కదా.

అయితే ఆ ఇంజను సైకిలు మీద పెట్టిన శ్రమ వృథా పోలేదు. అది తోటలోనే ఉంది. సెలవులకు మనవడు వచ్చినప్పుడు కంచె లోపల ఇద్దరం దాన్ని విప్పుతాం, బిగిస్తాం. కార్బురేటరు అంటే ఏమిటో, ప్లగ్గు నల్లబడితే ఏమి అర్థమో వాడు చేతులతో నేర్చుకొన్నాడు. ఆగే దూరం టేపుతో కొలవడం కూడా నేర్చుకొన్నాడు. వాడు రేపు పెద్ద బండి ఎక్కినప్పుడు ఆ టేపు వానికి గుర్తుంటే నాకంతే చాలు. కొన్న సైకిలు బ్రేకు వైరు సాగితే నేనే బిగించుకోగలుగుతున్నాను. ఏ చప్పుడు మంచిది, ఏ చప్పుడు చెడ్డది చెవికి తెలుస్తున్నది.

ఇప్పుడు నన్ను అడుగుతున్న మిత్రులకు నా మనవి. ఇంజను సైకిలు చేసిపెట్టమంటే రోడ్డు కోసం చేసిపెట్టను, క్షమించాలి. కంచె ఉన్న సొంత తోటలో వాడుకొనేటట్లయితే వచ్చి చూపిస్తాను. అందులోనూ ముందు బ్రేకులు బిగించి, కొలిచిన తర్వాతే ఇంజను తాకుతాను. బ్యాటరీ సైకిలు కొనదలచినవారు నన్ను వెంట తీసుకొనిపోతే కాగితాలు చదివిపెడతాను. ఆ పని నాకు ఇప్పటికీ చేతనవును. మనలో చాలామంది ఇప్పటికీ మామూలు సైకిలే తొక్కుతున్నారు. వారికి అవసరమైనది ఇంజను కాకపోవచ్చు. అరిగిన బ్రేకు రబ్బరు మార్చుకొంటే, వెనుక ఒక ఎర్ర రిఫ్లెక్టరు బిగించుకొంటే వారికి అదే పెద్ద మేలు. సంఘంవారు అనుమతిస్తే, వచ్చే నెల సమావేశం రోజున గంట ముందుగా వచ్చి, పానాలు, బ్రేకు రబ్బర్లు తెచ్చుకొని ఈ చెట్టు కింద కూర్చుంటాను. ఎవరి సైకిలైనా తీసుకొని రండి. వస్తువుల ఖరీదు మీది, కూలి లేదు.

ఇంటిలోని పిల్లలకు కూడా ఒక మాట. పెద్దవాళ్లు ఏదైనా పని తామే చేసుకొంటామంటే వెంటనే వద్దనవద్దు. ఎలా చేస్తే క్షేమమో కూర్చొని మాట్లాడండి. మా వాడు మొన్న సంక్రాంతికి వచ్చి, బ్యాటరీ సైకిలు మీద తోటకు పోయి వచ్చాడు. గుత్త మాట మళ్ళీ ఎత్తలేదు. ఈ ఏడు చీనీ కాపు కూడా ఫరవాలేదు.